పిలిస్తే పలికే పని

వంటల పుస్తకాల్లో "పోపు పెట్టండి" అని రెండు ముక్కలు రాసి ఊరుకుంటారు. నూనె ఎంత కాగాలి, ఆవాలు చిటపటలాడాక ఏది ముందు ఏది వెనక, ఇంగువ ఎప్పుడు, కరివేపాకు ఎప్పుడు, ఇవేవీ రాయరు. తెలుగిళ్ళలో ఆ రెండు ముక్కలూ చాలు. పప్పుకైనా పులిహోరకైనా వరస దాదాపు అదే, మారేవి కొలతలే. ఒక పనిని దాని లోపలి అడుగులన్నిటితో సహా ఒక పేరులో మూటగట్టి, అవసరమైనప్పుడు ఆ పేరుతో పిలవడం మనుషులకి బాగా పాత అలవాటు.

లోహాన్ని కోసే యంత్రాలకి ఈ అలవాటు ఎలా అబ్బిందో చెబుదామని ఈ వ్యాసం. నేను మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, మా బ్యాచ్‌లో సగంమంది లాగే సాఫ్ట్‌వేర్‌లో తేలినవాణ్ణి. ఇప్పుడుంటున్నది మిషిగన్‌లో. కంప్యూటర్లో గీసిన బొమ్మని సీఎన్‌సీ మిల్లింగ్ మిషన్‌కి అర్థమయ్యే ప్రోగ్రాముగా మార్చే సాఫ్ట్‌వేర్ మీద కొన్నేళ్ళుగా పనిచేస్తున్నాను. అందులో రోజుకి వందసార్లు కనబడే మాట 'సైకిల్ కాల్'. చూడ్డానికి రెండు పొడి మాటలు. వాటి వెనక డెబ్బై ఏళ్ళు పైబడిన చరిత్ర ఉంది, ఇంకా తెగని ఒక తగాదా కూడా ఉంది. పనితనం ఎవరి సొత్తు, దాన్ని ఎక్కడ దాచాలి అన్నదే ఆ తగాదా.

ఒక బెజ్జం కథ

చరిత్రలోకి వెళ్ళేముందు ఒక బెజ్జం గురించి చెప్పుకోవాలి. అల్యూమినియం పలకలో 5 మిల్లీమీటర్ల వ్యాసంతో, 30 మిల్లీమీటర్ల లోతున బెజ్జం వెయ్యాలనుకుందాం. ఇంట్లో గోడకి ఫోటో తగిలించడానికి డ్రిల్లు పట్టుకున్నవాళ్ళకి ఇదేం పెద్ద పనిలా అనిపించదు, పెట్టి నొక్కడమే కదా అనుకుంటారు. లోహంలో అలా కుదరదు. డ్రిల్లు దిగుతున్నకొద్దీ తెగిన రజను దాని గాడుల వెంట పైకి రావాలి. లోతు వ్యాసానికి మూడింతలు దాటాక రజను పైకి రావడం కష్టమవుతుంది. గాడుల్లో ఇరుక్కుంటుంది, వేడెక్కుతుంది, అల్యూమినియం అయితే మెత్తబడి డ్రిల్లుకే అతుక్కుంటుంది. చివరికి టప్పున విరిగి, ముక్క లోపల ఉండిపోతుంది. అప్పటిదాకా చేసిన పనంతా ఆ ముక్కతోపాటే పోయినట్టు.

అందుకని చెయ్యి తిరిగిన మెషినిస్టు కొంచెం దించుతాడు, పైకి లాగుతాడు, రజను రాలిపోయాక మళ్ళీ దించుతాడు, వడ్రంగిపిట్ట చెట్టుని పొడిచినట్టు. ఇంగ్లీషులోనూ దాని పేరు 'పెక్ డ్రిల్లింగ్' అనే, పెక్ అంటే ముక్కుతో పొడవడం. ఎంత దించాలి, ఎప్పుడు లాగాలి అన్నది ఆయనకి హ్యాండిల్ బరువు చెబుతుంది, చప్పుడు చెబుతుంది, రజను రంగు చెబుతుంది.

సైకిళ్ళ చరిత్ర అంటే ఈ మణికట్టు కదలికకి పేరు పెట్టిన చరిత్రే.

అంకెలు చదివే మనిషి

మిషిగన్ రాష్ట్రానికి ఉత్తరాన ట్రావర్స్ సిటీ అనే ఊరుంది. చెర్రీ పళ్ళకి పేరుపడ్డ ఊరు, వేసవిలో మావాళ్ళు చాలామంది సరస్సు చూడ్డానికి కార్లేసుకుని వెళుతుంటారు. 1940లలో అక్కడ జాన్ పార్సన్స్ అనే పారిశ్రామికవేత్త సికోర్‌స్కీ హెలికాప్టర్లకి రోటర్ బ్లేడ్లు తయారుచేయించేవాడు. బ్లేడు అడ్డుకోతలో ఉండే వంపు కచ్చితంగా రావాలి. ఆయన దగ్గర పనిచేసిన ఫ్రాంక్ స్టూలెన్ అనే ఇంజనీరు, ఆఫీసు లెక్కలకి వాడే ఐబీఎం పంచ్‌కార్డు యంత్రాలతో ఆ వంపు మీద 200 బిందువుల స్థానాలు కట్టించాడు. చేత్తో లెక్కవేస్తే అందులో పదోవంతు తేల్చడమే గగనమైన రోజులవి.

ఆ అంకెలతో లోహం కోసిన పద్ధతి వింటే నవ్వొస్తుంది. ఒకతను పట్టిక చూసి అంకెలు చదువుతుంటే, ఇద్దరు ఆపరేటర్లు మిల్లింగ్ మిషన్‌కి చెరోవైపు నిలబడి, ఒకరు ఎక్స్ చక్రం, ఇంకొకరు వై చక్రం తిప్పేవాళ్ళు. కోసిన చోటు నుంచి ఇంకో చోటికి, అక్కణ్ణుంచి ఇంకో చోటికి. పార్సన్స్‌కి తట్టిందేమిటంటే, చదివే మనిషి స్థానంలో కార్డుల్ని, తిప్పే మనుషుల స్థానంలో మోటార్లని పెట్టొచ్చు కదా అని. 1949లో అమెరికా వైమానిక దళం ఈ ఆలోచనకి డబ్బిచ్చింది. మోటార్ల నియంత్రణ కోసం పార్సన్స్ ఎంఐటీలోని సర్వోమెకానిజమ్స్ లాబరేటరీని కలుపుకున్నాడు. చూస్తుండగానే పని ఎంఐటీ చేతుల్లోకి వెళ్ళిపోయింది. 1952 సెప్టెంబరులో, సిన్సినాటి హైడ్రో-టెల్ అనే మామూలు మిల్లింగ్ మిషన్‌కి గదంత ఎలక్ట్రానిక్ సామగ్రి తగిలించి, బెజ్జాలు కొట్టిన కాగితపు టేపుతో దాన్ని నడిపి చూపించారు. పార్సన్స్ అదే ఏడాది దాఖలు చేసిన పేటెంటు 1958 జనవరిలో చేతికొచ్చింది. 1985లో పార్సన్స్, స్టూలెన్ ఇద్దరికీ అమెరికా ప్రభుత్వం జాతీయ సాంకేతిక పతకం ఇచ్చింది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆ మొదటి యంత్రానికి 'డ్రిల్లు చెయ్యి' అంటే ఏమిటో తెలియదు. దానికి తెలిసింది ఇక్కణ్ణుంచి అక్కడికి వెళ్ళడం ఒక్కటే. పనికి పేరు లేదు, అడుగులే ఉన్నాయి. పోపు గురించి తెలియనివాడికి వంట చెప్పడం లాంటిదన్నమాట, గరిటె ఎత్తు, ఆవాల డబ్బా మూత తియ్యి అంటూ ప్రతి కదలికా చెప్పాల్సిందే.

టేపు పొడుగు

ప్రతి కదలికా చెప్పడానికి అయ్యే ఖర్చు అడుగుల్లో కొలవొచ్చు. ఎన్‌సీ యంత్రాలు వాడిన అంగుళం వెడల్పు టేపులో, ఒక అంగుళం పొడుగులో 10 అక్షరాలు పడతాయి. మన బెజ్జాన్నే తీసుకుందాం. 30 మిల్లీమీటర్ల లోతుని 5 మిల్లీమీటర్ల చొప్పున ఆరుసార్లు పొడవాలి. ప్రతి పొడుపుకీ మూడు ఆజ్ఞలు కావాలి: దిగు, పైకి రా, మళ్ళీ ఆగిన చోటు దగ్గరికి వెళ్ళు. అంటే 18. బెజ్జం మీదకి జరగడానికి ఒకటి, పలక దగ్గరికి దిగడానికి ఒకటి కలిపితే 20. పలకలో అలాంటి బెజ్జాలు 40 ఉంటే 800 ఆజ్ఞలు. ఒక్కోటి సగటున 10 అక్షరాలనుకున్నా 8,000 అక్షరాలు, 800 అంగుళాలు. అరవయ్యారు అడుగుల టేపు! అందులో ఎక్కడ ఒక్క చిల్లు తప్పు పడినా పలక పోయినట్టే.

చెప్పిందే నలభైసార్లు చెప్పడం ఎందుకు అన్న ప్రశ్నకి జవాబుగా పుట్టినవే సైకిళ్ళు. అమెరికాలో ఎలక్ట్రానిక్ పరిశ్రమల సంఘం 1960లలో ఎన్‌సీ టేపుల మీద రాసే భాషకి ఒక ప్రమాణం తెచ్చింది, దాని పేరు ఆర్‌ఎస్-274. మనం జీ కోడ్ అని పిలిచేది దీన్నే. 1980లో ఇది డి అనే రూపానికి చేరింది, 1982లో ఐఎస్‌ఓ 6983గా అంతర్జాతీయ ప్రమాణం కూడా వచ్చింది. ఇందులో జీ 81 నుంచి జీ 89 వరకు అంకెల్ని బెజ్జాల పనులకి కేటాయించారు. జీ 81 అంటే మామూలు డ్రిల్లు. జీ 82 అంటే అడుగున క్షణం ఆగి పైకి రావడం. జీ 83 మన వడ్రంగిపిట్ట. జీ 84 మర కోయడం. జీ 80 అంటే ఇక చాలు, ఆపు.

ఒకసారి జీ 83 అని, లోతెంత, పొడుపెంత, వేగమెంత చెప్పేశాక, తర్వాతి వరసల్లో ఎక్స్, వై అంకెలు మాత్రమే ఇస్తే చాలు. జీ 80 కనబడేదాకా, యంత్రం ఎక్కడికి వెళితే అక్కడ బెజ్జం పడుతుంది. 800 ఆజ్ఞలు 40 అయ్యాయి. అరవయ్యారు అడుగుల టేపు నాలుగడుగులైంది.

అప్పటి కంట్రోళ్ళలో కంప్యూటర్ లేదు. సైకిల్ లోపలి అడుగులన్నీ వైర్లతో, రిలేలతో, తర్వాత ట్రాన్సిస్టర్లతో బిగించేసినవి, మార్చడానికి వీల్లేదు. అందుకే వాటిని ఇంగ్లీషులో ఫిక్స్‌డ్ సైకిల్ అనీ, క్యాన్డ్ సైకిల్ అనీ అన్నారు. క్యాన్డ్ అంటే డబ్బాలో సీలు చేసినది. ఇక్కడి ఇండియన్ స్టోర్లో దొరికే ఆవకాయ సీసాలాంటిదే అనుకోండి. ఎంత వేసుకోవాలో మన ఇష్టం, లోపల ఉప్పెంత కారమెంత అన్నది మాత్రం వాళ్ళిష్టం.

మర కోసే జీ 84 సంగతి చెబితే ఈ మూటలో ఎంత పనితనం పట్టిందో అర్థమవుతుంది. ఆరు మిల్లీమీటర్ల మరకి ఒక చుట్టుకి ఒక మిల్లీమీటరు దిగాలి. ట్యాపు నిమిషానికి 500 చుట్లు తిరుగుతుంటే సరిగ్గా 500 మిల్లీమీటర్ల వేగంతో దిగాలి. అడుక్కి చేరగానే ఆగి, వెనక్కి తిరుగుతూ అదే లెక్కతో పైకి రావాలి. లెక్క తప్పితే మర చెడుతుంది, లేదా ట్యాపు విరుగుతుంది. ఐటీఐలో ఫిట్టర్ ట్రేడు చదివినవాళ్ళు చేత్తో ట్యాపు తిప్పుతూ, అర చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి అంటూ నెలల తరబడి నేర్చుకునే విద్యకి ఒక అంకె పేరైంది.

పిలుపు ఎక్కణ్ణుంచి వచ్చింది

మాబోటి సాఫ్ట్‌వేర్ వాళ్ళకి 'కాల్' అన్న మాట వినగానే సబ్‌రొటీన్ గుర్తొస్తుంది. కంప్యూటర్లలో ఈ ఆలోచనకి మొదటి గట్టి పునాది ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో పడింది. 1949లో అక్కడ నడవడం మొదలుపెట్టిన ఎడ్‌శాక్ అనే కంప్యూటర్ మీద మారిస్ విల్క్స్, డేవిడ్ వీలర్, స్టాన్లీ గిల్ పనిచేశారు. వర్గమూలం లాంటి లెక్కని ఒకసారి రాసి టేపు మీద దాచుకుని, ఎవరికి కావలిస్తే వాళ్ళు తమ ప్రోగ్రాములో కలుపుకునే ఏర్పాటు చేశారు. పని పూర్తయ్యాక తిరిగి ఎక్కడికి రావాలో యంత్రానికి తెలిసేలా చేసే కిటుకు వీలర్‌ది. ఈ ముగ్గురి పుస్తకం 1951లో వచ్చింది. ప్రోగ్రామింగ్ మీద తొలి పుస్తకాల్లో అదొకటి.

ఆ కేంబ్రిడ్జి టేపులకీ ఎంఐటీ మిల్లింగ్ టేపుకీ మధ్య మూడు నాలుగేళ్ళే తేడా. లోహం వైపు ఈ ఆలోచనని పెద్ద ఎత్తున తెచ్చినవాడు ఎంఐటీలో డగ్లస్ రాస్. ఆయన బృందం 1956 నుంచి ఏపీటీ అనే భాషని తయారుచేసింది. అందులో గో లెఫ్ట్, గో రైట్ లాంటి మామూలు ఇంగ్లీషు మాటలతో కోత దారి చెప్పొచ్చు, లెక్కలన్నీ కంప్యూటర్ చూసుకుంటుంది. 1959 ఫిబ్రవరిలో పత్రికలవాళ్ళని పిలిచి దీన్ని ప్రకటించినప్పుడు, ఏపీటీతో తయారైన అల్యూమినియం యాష్‌ట్రే ఒకటి అందరికీ జ్ఞాపికగా ఇచ్చారు. ఏపీటీలో తర్వాత సైకిల్ అన్న మాటే చేరింది. 'సైకిల్, డ్రిల్' అని కొలతలు చెప్పి, వెళ్ళాల్సిన బిందువుల వరస ఇస్తే సరిపోతుంది. పని వేరు, చోటు వేరు అని విడదీయడం ఇక్కడ స్పష్టంగా కనబడుతుంది.

ఏపీటీ నడవాలంటే మాత్రం గదినిండా పట్టే కంప్యూటర్ కావాలి, దాని ముందు కూర్చునే ప్రోగ్రామరు కావాలి. షాపులో మిషన్ దగ్గర నిలబడ్డ మనిషికి అందేది తయారైన టేపు మాత్రమే.

తగాదా

డేవిడ్ నోబుల్ అనే చరిత్రకారుడు 1984లో 'ఫోర్సెస్ ఆఫ్ ప్రొడక్షన్' అనే పుస్తకం రాశాడు. ఆయన వాదన ఇది. 1940ల చివర్లోనే జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ఇంకో పద్ధతి చేసి చూసింది, దాని పేరు రికార్డ్-ప్లేబ్యాక్. అనుభవమున్న మెషినిస్టు మొదటి ముక్కని తన చేత్తో కోస్తాడు, ఆ కదలికలన్నీ అయస్కాంతపు టేపు మీద నమోదవుతాయి, తర్వాత యంత్రం వాటినే మళ్ళీ మళ్ళీ చేస్తుంది. పాటగాడి పాటని రికార్డు చేసుకున్నట్టు. అది ముందుకి సాగలేదు, అంకెల పద్ధతే గెలిచింది. ఎందుకంటే రికార్డ్-ప్లేబ్యాక్‌లో పనికి మూలం షాపులోని మనిషే. అంకెల టేపులో ఆ మూలం ఆఫీసుకి మారుతుంది. యాజమాన్యాలకి కావలసింది అదే అంటాడు నోబుల్.

ఇంజనీరుగా నాకు ఆ వాదనలో సగమే ఎక్కుతుంది. విమానపు రెక్క లోపలి వంపుల్ని ఎంత నేర్పరి అయినా చేత్తో అంత కచ్చితంగా కోయలేడు. కోయలేనిదాన్ని రికార్డు చేయడం కుదరదు. వైమానిక దళానికి అంకెలు కావలసి వచ్చింది అందుకే. మిగతా సగం మాత్రం కొట్టిపారేయలేను. మామూలు పలకకి నలభై బెజ్జాలు వెయ్యడానికి విమానపు రెక్కల గణితం అక్కర్లేదు. అక్కడ కూడా మెషినిస్టు నోరు మూయించి టేపు చేతికివ్వడంలో సాంకేతిక అవసరం కంటే పెత్తనమే ఎక్కువ కనిపిస్తుంది.

కర్ట్ వానెగట్ ఆ రోజుల్లో స్కెనెక్టడీలోని జనరల్ ఎలక్ట్రిక్‌లో ప్రచార విభాగంలో ఉద్యోగి. అక్కడ జెట్ ఇంజను భాగాలు కోసే ఆటోమేటిక్ మిల్లింగ్ మిషన్ చూశాకే తన మొదటి నవల 'ప్లేయర్ పియానో' ఆలోచన వచ్చిందని తర్వాత చెప్పాడు. అందులో రూడీ హెర్ట్జ్ అనే మెషినిస్టు చేతి కదలికల్ని టేపు మీదకి ఎక్కించుకుని, ఆయన్ని ఇంటికి పంపేస్తారు. తన చేతుల్నే ఎంచుకున్నారని ఆ ముసలాయన గర్వపడుతూనే ఉంటాడు. ఆ నవల వచ్చింది 1952లో, ఎంఐటీ మిషన్ నడిచిన ఏడాదే.

ప్రశ్నలు అడిగే యంత్రం

1970లలో మైక్రోప్రాసెసర్లు వచ్చాక కంట్రోల్ పెట్టెలోనే కంప్యూటర్ ఇమిడిపోయింది. వైర్లలో బిగిసిన సైకిళ్ళు సాఫ్ట్‌వేర్ అయ్యాయి. జపానులో ఫుజిత్సు నుంచి 1972లో విడిపోయిన ఫానుక్ జీ కోడ్ దారినే నడిచింది. జర్మనీలో మాత్రం ఇంకో దారి మొదలైంది.

హైడెన్‌హైన్ అనే కంపెనీ 1889లో బెర్లిన్‌లో లోహపు పలకల మీద గీతలు, అక్షరాలు చెక్కే కార్ఖానాగా పుట్టింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బవేరియాలోని ట్రౌన్‌రాయిట్‌లో మళ్ళీ మొదలైంది. గాజు పలక మీద సన్నటి గీతలు గీసి కొలతబద్దలు చేయడం వాళ్ళ ప్రత్యేకత. మిల్లింగ్ మిషన్ బల్ల ఎంత జరిగిందో చూపించే అంకెల పెట్టెలు చేశారు, ఆ తర్వాత 1976లో టీఎన్‌సీ అనే కంట్రోళ్ళు తెచ్చారు. వీటి లక్ష్యం ఆఫీసు ప్రోగ్రామరు కాదు, మిషన్ ముందు నిలబడ్డ మనిషి. డ్రాయింగు చేతిలో పట్టుకుని, అక్కడికక్కడే బటన్లు నొక్కి ప్రోగ్రాము రాసుకోవాలి. కంట్రోలే ప్రశ్నలు అడుగుతుంది: పలక పైన ఎంత ఎత్తున ఆగాలి? లోతెంత? ఒక్కో పొడుపు ఎంత? ఏ వేగంతో? మనిషి ఒక్కో అంకె కొట్టి ఎంటర్ నొక్కుతాడు. ఆ భాషకి వాళ్ళు పెట్టిన పేరు క్లార్‌టెక్స్ట్, అంటే తేట మాట. జీ 83 అన్న గుర్తులేమీ బట్టీ పట్టక్కర్లేదు.

ఈ కంట్రోళ్ళలో నాకు బాగా నచ్చేది, సైకిల్ని నిర్వచించడాన్నీ పిలవడాన్నీ రెండు వేర్వేరు వరసలుగా విడదీయడం. 'సైకిల్ డెఫ్ 200' అంటే డ్రిల్లింగు గురించి అన్నీ చెప్పుకోవడం. క్యూ 200 పలకకి పైన ఉంచాల్సిన ఎడం, క్యూ 201 లోతు, క్యూ 202 ఒక్కో పొడుపు, క్యూ 206 దిగే వేగం. ఇదంతా చెప్పినా లోహం మీద గీత కూడా పడదు. 'సైకిల్ కాల్' అన్నప్పుడే డ్రిల్లు దిగుతుంది. లోతు సున్నా అని ఇచ్చి ఉంటే పిలిచినా పలకదు. 

పిలవడానికీ పద్ధతులున్నాయి. విడిగా ఒక వరసలో సైకిల్ కాల్ అనొచ్చు. జరిగే ఆజ్ఞ చివర ఎం 99 తగిలిస్తే అక్కడికి వెళ్ళి ఒక్కసారి చేస్తుంది. ఎం 89 అయితే, యంత్రం తయారుచేసినవాళ్ళు ఆ వీలు కల్పించి ఉంటే, వెళ్ళిన ప్రతిచోటా చేస్తుంది. తర్వాతి తరాల్లో 'కాల్ పాస్' వచ్చింది, ఫలానా చోటికి వెళ్ళి చెయ్యి అని. 'కాల్ ప్యాట్' అంటే ముందే రాసిపెట్టిన బిందువుల పట్టికంతటా చెయ్యి అని. మన నలభై బెజ్జాలు ఇప్పుడు ఒక నిర్వచనం, ఒక పట్టిక, ఒక పిలుపు. అరవయ్యారు అడుగుల టేపు మూడు మాటలైంది.

ఇందులో మినహాయింపులూ ఉన్నాయి. కొన్ని సైకిళ్ళు నిర్వచించిన క్షణమే అమలైపోతాయి, వాటిని పిలవకూడదు. కొలతల మూలబిందువుని జరపడం, బొమ్మని తిప్పడం, బెజ్జాలని వలయంగానో వరసలుగానో పేర్చడం ఈ రకం. వేలంపాటలో నోటినుంచి వచ్చిన అంకె లాంటివి, అన్నాక అన్నట్టే. మిల్లింగ్ నేర్చుకునేవాళ్ళు మొదటి నెలలో తడబడేది ఇక్కడే. ఏది చెప్పిపెట్టుకునే మాట, ఏది చేసిపెట్టే మాట అని తెలియాలి.

ఒక కంట్రోల్ నుంచి ఇంకోదానికి మారినప్పుడు చిక్కు ఇంకా ఎక్కువ. హైడెన్‌హైన్‌లో ఎం 99 అంటే సైకిల్ని పిలవడం. అదే ఫానుక్‌లో ఎం 99 అంటే ఉపప్రోగ్రాము ముగించి వెనక్కి వెళ్ళడం, ప్రధాన ప్రోగ్రాములో ఉంటే మళ్ళీ మొదటికి రావడం. తెలుగులో 'చెప్పు' లాంటిదే, నోటితో చేసే పనా కాలికి వేసుకునేదా అన్నది సందర్భాన్ని బట్టి తెలుసుకోవాలి. తెలియకపోతే తెలుగులో నవ్వులపాలవుతాం, మిల్లింగ్‌లో స్పిండిల్ దెబ్బతింటుంది. సీమెన్స్ కంట్రోళ్ళలో మళ్ళీ వేరే మాట, ఎంకాల్. పని ఒకటే, పిలుపులే వేరు.

చెవి పని

మా బాబాయి ఐటీఐ చదివి, హైదరాబాదులో బాలానగర్ చేరి, ముప్పయ్యేళ్ళు మిల్లింగ్ మిషన్ ముందు నిలబడ్డాడు. జంటనగరాలకి ఈ విద్య కొత్తది కాదు. సికింద్రాబాదులో ప్రాగా టూల్స్ 1943లో మొదలైంది. 1960లలో హెచ్‌ఎంటీ వచ్చింది. బాలానగర్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ 1968లో పెట్టారు. వాటి నీడన పెరిగిన చిన్నచిన్న షాపుల్లో ఒకదాంట్లో బాబాయి చక్రాలు తిప్పే మిషన్ నుంచి ఫానుక్ కంట్రోల్ దాకా అన్నీ చూశాడు. నేను ఫోన్‌లో సైకిళ్ళ గురించి చెబుతుంటే విని ఆయన అన్నాడు: "అంతా బానే ఉంది గానీ, బెజ్జం వెయ్యడం చేతిపని కాదురా, చెవిపని. రజను ఇరుక్కునే ముందు చప్పుడు మారుద్ది. నీ సైకిల్‌కి చెవులున్నాయా?"

లేవు. ఇక్కడ మిషిగన్‌లో మా సాఫ్ట్‌వేర్ వాడే ఒక షాపులో రిటైర్‌మెంటుకి దగ్గరపడ్డ మెషినిస్టు ఒకాయన ఉన్నాడు. మా ప్రోగ్రాము పొడుపు 5 మిల్లీమీటర్లని ఇచ్చినచోట, ఆయన కంట్రోల్ దగ్గర నిలబడి 3 చేస్తాడు. ఎందుకని అడిగితే, ఈ సరఫరాదారు దగ్గర్నుంచి వచ్చే అల్యూమినియం జిగటగా తెగుతుందన్నాడు. ఆ సంగతి ఏ డ్రాయింగులోనూ లేదు, మా డేటాబేసులోనూ లేదు. ఆయన జేబులో ఉండే నూనె మరకల చిన్న నోటుపుస్తకంలో ఉంది.

నోబుల్ తగాదా ఇక్కడ నాకు వేరేలా అర్థమైంది. సైకిల్ మెషినిస్టు దగ్గర్నుంచి తీసుకున్నది వరసని: దించు, లాగు, రాల్చు, మళ్ళీ దించు. వరసని తీసుకోవడంలో అన్యాయం లేదు, ఎవరు చేసినా అదే వరస. తీసుకోలేనిది అంకెని. 5 ఎందుకు, 3 ఎందుకు అన్నది ఇంకా మనిషి దగ్గరే ఉంది. ఆ అంకెలో కొంత కూడా మెల్లగా కంట్రోల్‌లోకి దిగుతోంది. లోతుకి వెళ్ళేకొద్దీ పొడుపు తగ్గించాలని పాతవాళ్ళకి తెలుసు. టీఎన్‌సీలో 203, 205 సైకిళ్ళలో క్యూ 212 అని ఒక గడి ఉంది, ఒక్కో పొడుపుకీ ఎంత తగ్గించాలో అక్కడ ఇవ్వొచ్చు. పేరు తెలియని ఏ మెషినిస్టో, ఎవరి చెవిలోనో వేసిన మాట అది అయ్యుంటుందని నా నమ్మకం. గడి వచ్చింది గానీ, అందులో ఎంత వెయ్యాలన్నది మళ్ళీ మనిషే చెప్పాలి.

అందుకే నాకు డబ్బా సైకిళ్ళంటే కోపం లేదు. మిషన్ దగ్గర నిలబడ్డ మనిషి ఆ అంకెని మార్చే వీలు లేకుండా తాళం వేసే ఏర్పాట్లంటేనే భయం. ప్రోగ్రాములు ఆఫీసులోనే తయారుకావాలి, షాపులో ఎవరూ ముట్టుకోకూడదు అని అడిగే కస్టమర్లు మాకు ఎప్పుడూ ఉంటారు. నాణ్యత కోసమే అంటారు, వాళ్ళ కారణాలు వాళ్ళకుంటాయి. తాళం వేసిన రోజునుంచి ఆ 3 అన్న అంకె కంట్రోల్‌లోకి రాదు, నోటుపుస్తకంలోనే ఉండిపోతుంది, ఆ నోటుపుస్తకం ఆయనతోపాటే ఇంటికి వెళ్ళిపోతుంది.

మా సాఫ్ట్‌వేర్‌లో ఇప్పుడొక చిన్న మార్పు చేశాం. షాపులో ఎవరైనా సైకిల్ అంకె మారిస్తే, కారణం రాయడానికి పక్కన ఒక గడి కనబడుతుంది. అక్కడ రాసింది తర్వాతి ప్రోగ్రాములన్నిటిలో ఆ సైకిల్ నిర్వచనం పైన సెమికోలన్ పెట్టి వస్తుంది. ఆయన మొదటిసారి రాసినదాన్ని తెలుగులో చెప్పాలంటే ఇంతే: ఈ లోహం జిగట, 3 దాటించకు. సెమికోలన్ తర్వాత ఏముందో కంట్రోల్ చదవదు, దాటుకుని పోతుంది. ఆ వరస తర్వాత వచ్చే మనిషి కోసం.